కొత్త శలభానికి పేరు పెట్టాలంటే: వరండా దీపం నుంచి కలకత్తా పెట్టె దాకా

వానాకాలంలో విజయవాడలో ఏ ఇంటి వరండాలోనైనా లైటు కింద పది నిమిషాలు నిలబడి గోడ కేసి చూడండి. బియ్యపు గింజంత పురుగులు అతుక్కుని ఉంటాయి. రెక్కలు చాచినా సెంటీమీటరు దాటనివి వాటిలో బోలెడు. రైతులు తల్లిపురుగులంటారు, పుస్తకాల్లో శలభాలని రాస్తారు. వీటిలో చాలావాటికి శాస్త్రీయ నామాలు ఎప్పుడో వచ్చేశాయి. ఇంకా రానివీ ఉన్నాయి. పేరు లేని పురుగు చేతికి చిక్కడం అంత కష్టం కాదు. దానికి ఇంతవరకు ఎవరూ పేరు పెట్టలేదని రుజువు చేయడమే కష్టం. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ రుజువు గురించే.

ఎమ్మెస్సీ జువాలజీ, అగ్రికల్చర్ బీఎస్సీ పిల్లలు, జీవశాస్త్రం చెప్పే టీచర్లు, ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు పురుగులు చూసే ఔత్సాహికులు, వీళ్లందరినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఓపిక కావాలి. ఒక కొత్త జాతి మొదటి నమూనా దొరికిన రోజు నుంచి పేరు అచ్చయ్యే రోజు దాకా సగటున 21 ఏళ్లు పడుతోందని 2012లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆ కాలంలో ఎక్కువ భాగం పురుగు పెట్టెలో పడి ఉండే కాలమే. మీరు పట్టుదలగా కూర్చుంటే రెండు మూడేళ్లలో పూర్తవుతుంది.

ముందు అనుమతి

మీ పెరడు, మీ పొలం అయితే ఇబ్బంది లేదు. కొండపల్లి, కొండవీడు లాంటి చోట్ల రిజర్వు అడవిలోకి వెళ్లాలంటే అటవీశాఖ రాతపూర్వక అనుమతి ఉండాలి. దరఖాస్తులో ఏ నెలల్లో, ఎన్ని రాత్రులు, ఏ పరికరాలతో, ఎన్ని నమూనాలు తీసుకుంటారో స్పష్టంగా రాయండి. అనుమతి నంబరు రేపు మీ పేపర్లో కృతజ్ఞతల దగ్గర వేయాలి. అది లేకపోతే మంచి పత్రికలు వెనక్కి పంపుతాయి.

2002 జీవవైవిధ్య చట్టంలోని 39వ సెక్షను కూడా చదవండి. కొత్త జాతిని కనుగొన్న ఎవరైనా ఆ సంగతిని ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి తెలియజేసి, నమూనాలను అక్కడ అప్పగించాలని అది చెబుతోంది. జంతువుల విషయంలో ఆ పెద్ద భాండాగారం కలకత్తాలోని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. విదేశాల్లోని నిపుణుడికి పురుగును పంపే ఆలోచన ఉంటే, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు చూశాకే పార్సిల్ కట్టండి.

పట్టడం కన్నా పెంచడం మేలు

దీపం పద్ధతి అందరికీ తెలిసిందే. తెల్ల దుప్పటి కట్టి, ముందు 160 వాట్ల మెర్క్యురీ బల్బు గానీ, అతినీలలోహిత ఎల్‌ఈడీ గానీ వెలిగించాలి. ఇప్పటి తెల్ల ఎల్‌ఈడీ వీధిదీపాలకు పురుగులు తక్కువ వస్తాయి, వాటిలో అతినీలలోహిత కాంతి దాదాపు ఉండదు కాబట్టి. అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రాత్రులు, గాలి ఆడక ఉక్కపోసే రాత్రులు మంచివి. మే నెలలో బెజవాడ ఎండలకు దుప్పటి ఖాళీగానే ఉంటుంది. తొలకరి పడ్డాక చూడండి.

దీపానికి వచ్చిన పురుగు గురించి మనకు తెలిసేది చాలా తక్కువ. ఏ మొక్క తింటుందో తెలియదు. రెక్కల పొలుసు సగం రాలిపోయి ఉంటుంది. పైగా మగవి మాత్రమే రావచ్చు. అందుకే ఆకులు వెతకమంటాను.

పెరట్లో నిమ్మచెట్టు ఉంటే లేత ఆకు ఒకటి తిప్పి చూడండి. నత్త పాకినట్టు వెండి రంగు గీత మెలికలు తిరిగి ఉంటుంది. మధ్యలో సన్నని నల్లగీత. అది లోపలి పురుగు వేసిన రెట్ట. గీత చివర, ఆకు అంచు మడత పడిన చోట ప్యూపా ఉంటుంది. బయటికొచ్చే శలభం రెక్కలు చాస్తే నాలుగు మిల్లీమీటర్లు. అది ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా. స్టెయిన్‌టన్ అనే ఇంగ్లిష్ కీటక శాస్త్రవేత్త 1856లో కలకత్తా నుంచి వచ్చిన నమూనాలతో దానికి ఆ పేరు పెట్టాడు. నిమ్మ మీద ఇది పాతదే కానీ, ఇలాంటి గీతలే కొండపల్లి అడవిలో ఎవరూ పట్టించుకోని చెట్ల ఆకుల మీద కనిపిస్తాయి. బొమ్మలు చేసే తెల్ల పొణికి చెట్టునే తీసుకోండి. ఆముదం కుటుంబానికి చెందింది. దాని కొయ్య గురించి ఊరంతటికీ తెలుసు. దాని ఆకు లోపల ఏ పురుగు బతుకుతోందో చూసేవాళ్లు కావాలి.

గీత ఉన్న ఆకును కాడతో సహా కోసి, జిప్ కవర్లో టిష్యూ కాగితం వేసి తెచ్చుకోండి. తడి ఎక్కువైతే బూజు పడుతుంది, తక్కువైతే ఆకు ఎండి పురుగు చస్తుంది. రోజూ ఉదయం ఒకసారి కవరు తెరిచి గాలి తగలనివ్వండి. అలాంటి ఆకునే ఇంకొకటి పాత పేపర్ల మధ్య నొక్కి ఎండబెట్టండి, ఆకు గీత ఆకారం కూడా సాక్ష్యమే. చాలాసార్లు శలభం రాదు, దాన్ని తిన్న బుల్లి కందిరీగ వస్తుంది. పారేయకండి. ఆల్కహాల్లో వేసి, అదే నంబరు రాసి పెట్టుకోండి. చెట్టు పేరు మాత్రం ఊళ్లో చెప్పిన పేరుతో ఆపకండి. పువ్వో కాయో ఉన్న కొమ్మను వృక్షశాస్త్రం తెలిసినవాళ్లకు చూపించి రాయించుకోండి.

పరచడం, లేబుల్ రాయడం

పుట్టిన శలభాన్ని ఒక పూట అలాగే వదిలేస్తే రెక్కలు గట్టిపడతాయి. తర్వాత ఫ్రిజ్ డీప్ ఫ్రీజర్లో పెడితే బాధ లేకుండా పోతుంది. బయటికి తీసిన వెంటనే పరచాలి. ఇంత చిన్నవి చూస్తుండగానే బిగుసుకుపోతాయి. మామూలు పిన్నులు పనికిరావు, మినుటెన్ అనే వెంట్రుకంత పిన్నులు కావాలి. పిన్నును ఛాతీ మధ్యలో గుచ్చి, గాడి చేసిన ఫోమ్ ముక్క మీద నిలబెట్టి, రెక్కలను సన్నటి బ్రష్షు వెంట్రుకతో ముందుకు జరపాలి. ఆరాక ఆ పిన్నును చిన్న ఫోమ్ ముక్కకు గుచ్చి, ఆ ముక్కను పెద్ద పిన్నుకు ఎక్కిస్తారు. ఇక పట్టుకునేది పెద్ద పిన్నునే, పురుగుకు చెయ్యి తగలదు. డీఎన్‌ఏ కోసం ఒక కాలు ముందే తీసి 95 శాతానికి పైగా ఉన్న ఇథనాల్లో వేయండి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఒక జులైలో ఒకే ఒక మగ పురుగు దొరికింది. పరిచి, బల్ల మీద ఆరబెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే రెక్కలు చెక్కుచెదరలేదు, పొట్ట లేదు. చీమలు పట్టుకుపోయాయి. పొట్ట లేని శలభంతో ఏం తేల్చలేమో కింద చదివితే మీకే అర్థమవుతుంది. అలాంటిది మళ్లీ దొరకడానికి రెండు వానాకాలాలు పట్టింది. ఇప్పుడు నెయ్యి గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టు, ఆరబెట్టే పెట్టె కింద నీళ్ల పళ్లెం పెట్టకుండా దీపం ఆర్పను.

లేబుల్ లేని పురుగు ఎంత అందంగా ఉన్నా శాస్త్రానికి పనికిరాదు. దేశం, రాష్ట్రం, జిల్లా, ఊరు, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, పట్టిన పద్ధతి లేదా పెంచిన మొక్క, పట్టినవారి పేరు, ఇవన్నీ ఇంగ్లీషులో, చెరగని సిరాతో. నెలను రోమన్ అంకెల్లో వేస్తే తేదీ, నెల తారుమారయ్యే గొడవ ఉండదు. మన దగ్గర జిల్లా పేరుతో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. 2022 ఏప్రిల్ 4 నుంచి కొండపల్లి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది, కొండవీడు పల్నాడులో ఉంది. పాత నమూనాల మీద కృష్ణా జిల్లా, గుంటూరు జిల్లా అనే ఉంటుంది. 1970కి ముందు గుంటూరు జిల్లా అంటే ఇప్పటి ప్రకాశంలోని కొంత భాగం కూడా. అందుకే అక్షాంశ రేఖాంశాలు తప్పనిసరిగా వేయండి. జిల్లాల హద్దులు ఎన్నిసార్లు మారినా అవి మారవు.

ఏ కుటుంబం?

ఇది త్వరగా తేలుతుంది. మైక్రోస్కోపు కింద తల చూడండి. ముఖం ముందు నుంచి రెండు పాల్పులు, అంటే నోటి దగ్గరి స్పర్శాంగాలు, కొమ్ముల్లా పైకి వంగి, వెనక రెక్క చివర సన్నగా మొనదేలి ఉంటే గెలెకియిడే కావచ్చు. పత్తి రైతులకు బాగా తెలిసిన గులాబీ రంగు పురుగు ఈ కుటుంబానిదే. మీసం మొదట్లో కంటికి మూతలా వెడల్పాటి భాగం ఉంటే నెప్టిక్యులిడే లాంటి అతి చిన్నవాటి వైపు వెళ్లాలి. రెక్కలు ఈకల్లా చీలి ఉంటే టెరోఫోరిడే. వాలినప్పుడు ముందు భాగం ఎత్తి కూర్చుంటే గ్రాసిలారియిడే అనుకోవచ్చు. అనుమానం వస్తే ఒక నమూనా రెక్క పొలుసును ఆల్కహాల్లో బ్రష్షుతో తుడిచి, ఈనెలు లెక్కపెట్టండి.

పొట్ట విప్పి చూడటం

చిన్న శలభాల్లో రెక్కల రంగు ఒక్కటే చూసి జాతిని తేల్చలేం. ఒకే జాతిలో రంగు మారుతుంది, వేర్వేరు జాతులు ఒకేలా ఉంటాయి. జననాంగాల ఆకారం మాత్రం చాలా కుటుంబాల్లో జాతికొక తీరు. పొట్ట చివర ఉండే ఈ గట్టి భాగాలను చూడటం నేర్చుకోకుండా ఈ పని చేయలేరు. మొదట వరండా గోడ మీది మామూలు పురుగులతో కనీసం ముప్పై సార్లు అభ్యాసం చేయండి. అరుదైనదాన్ని ఆ తర్వాతే ముట్టుకోండి.

పొట్టను ఫోర్సెప్స్‌తో కింది నుంచి పైకి సున్నితంగా ఎత్తితే ఛాతీ దగ్గర టక్కున విడిపోతుంది. పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఉన్న చిన్న గాజు సీసాలో వేయండి. దీన్నే కాస్టిక్ పొటాష్ అంటారు, చర్మాన్ని కాలుస్తుంది, కళ్లద్దాలు పెట్టుకోండి. ఆ సీసాను వేడినీళ్ల గిన్నెలో పది పదిహేను నిమిషాలు ఉంచండి. తొందర లేకపోతే వేడి లేకుండా రాత్రంతా వదిలేయండి, చిన్నవాటికి నాకు ఇదే నచ్చుతుంది. కండ, కొవ్వు కరిగి, పొట్ట అగరుబత్తి పొగ రంగు సంచిలా తేలుతుంది. ఎక్కువసేపు ఉంచితే మెత్తని పొరలు కూడా పోతాయి.

నీళ్లలోకి మార్చండి. వెంట్రుకలు కత్తిరించిన బ్రష్షుతో పొట్టను మెల్లగా నొక్కుతూ తుడిస్తే పొలుసు మబ్బులా లేచి విడిపోతుంది. నీళ్లు మార్చి మళ్లీ తుడవాలి. మగదైతే చివర రెండు రెక్కల్లాంటి వాల్వాలు కనిపిస్తాయి, జతకట్టేటప్పుడు ఆడదాన్ని పట్టుకునే భాగాలివి. వాటి మధ్య పైన కొక్కెంలా అంకస్, కింద శాకస్, నడుమ గొట్టంలా ఫాలస్. ఫాలస్‌ను బయటికి లాగి పక్కన పెట్టాలి. దాని లోపలి సంచిలో ముళ్లు ఉంటే, వాటిని కార్న్యూటై అంటారు, ఎన్ని, ఏ ఆకారం అన్నది చాలాచోట్ల నిర్ణయాత్మకం. ఆడదానిలో కార్పస్ బర్సే అనే సంచి చూడండి. దాని గోడ మీద సిగ్నం అనే గట్టి మచ్చ ఉండొచ్చు, లేకపోనూవచ్చు. మొదటిసారి ఆ మచ్చ నక్షత్రంలా కనిపించినప్పుడు మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తబుద్ధి కాలేదు నాకు.

తర్వాత క్లోరజోల్ బ్లాక్ రంగు చుక్క, 70 శాతం ఆల్కహాల్, ఆపై చిక్కటి ఆల్కహాల్, చివరికి యూపరాల్ అనే పారదర్శక జిగురు వేసి కవర్ స్లిప్. వాల్వాలు రెండు వైపులా సమంగా తెరుచుకునేలా సర్ది, అప్పుడే మూయాలి. స్లైడ్ మీద వేసిన నంబరే పురుగు పిన్నుకూ వేయాలి. ఈ రెండు నంబర్లు తప్పితే ఏ పొట్ట ఏ రెక్కలదో దేవుడికే తెలియాలి.

పాత పేర్లన్నిటితో పోల్చడం

ఇక్కడే ఎక్కువమంది ఓడిపోతారు. మన దేశపు చిన్న శలభాల్లో చాలా వాటికి పేర్లు పెట్టింది ఎడ్వర్డ్ మెయ్‌రిక్ అనే ఇంగ్లిష్ స్కూలు మాస్టరు. 1854లో పుట్టి 1938లో చనిపోయాడు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన చిన్న శలభాలకు 14,000 పైచిలుకు పేర్లు పెట్టాడు. బీహారులోని పూసాలో పనిచేసిన బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ లాంటివాళ్లు మన దేశం నుంచి పురుగులు పంపేవారు. అంత పని చేసిన మెయ్‌రిక్ జననాంగాలను కోసి చూసేవాడు కాదు. రెక్క ఈనెలు, రంగు, పాల్పులు చూసి నాలుగు వాక్యాల్లో వర్ణించేవాడు. మీ చేతిలో ఉన్న పురుగు ఆ నాలుగు వాక్యాల్లో దేనికో సరిపోవచ్చు. వాక్యాలతో తేలదు, ఆయన పేరు పెట్టిన అసలు నమూనాను చూడాలి. వాటిలో ఎక్కువ భాగం లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. గేట్స్ క్లార్క్ అనే అమెరికన్ వాటిలో ఎన్నిటికో రెక్కలు, జననాంగాలు ఫొటోలు తీసి 1955 నుంచి 1970 దాకా ఎనిమిది సంపుటాల్లో అచ్చువేశాడు. మొదట వాటిని తిరగేయండి. అవి చాలకపోతే మ్యూజియం క్యూరేటర్‌కు మర్యాదగా మెయిల్ రాయండి, ఏ పురుగు, ఏ భాగం, ఎందుకు అన్నది స్పష్టంగా. పాత వర్ణనలు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి.

పోలికను మన దేశంతో ఆపకూడదు. పైన చెప్పిన నిమ్మ పురుగు 1993లో అమెరికాలోని ఫ్లోరిడాలో మొదటిసారి కనిపించింది. అక్కడివాళ్లకు కొత్త, శాస్త్రానికి 1856 నాటి పాత పురుగు. గులాబీ రంగు పురుగుకు 1844లోనే మన దేశపు నమూనాలతో పేరు వచ్చింది, ఇప్పుడది పత్తి పండే దేశాలెన్నిటిలోనో ఉంది. మీ పురుగు కూడా శ్రీలంకలోనో, జావాలోనో, ఆఫ్రికాలోనో ముందే పేరు తెచ్చుకుని ఉండొచ్చు. అదే ప్రజాతిలో (జీనస్‌లో) ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాల్లో ఉన్న పేర్లన్నిటితో ఒక పట్టిక వేసుకోండి. ఒక్కొక్క పేరు ఎదురుగా మీది దానికి ఎక్కడ వేరో రాయండి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా కొత్త జాతి అని రాయకండి. తొందరపడి పెట్టిన పేరు రేపు పాత పేరుకు మారుపేరుగా తేలితే, తర్వాత వచ్చే ప్రతివాడూ ఆ అదనపు పేరును మోయాలి.

డీఎన్‌ఏ

మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో 658 అక్షరాల ముక్కను చదివించి, బోల్డ్, జెన్‌బ్యాంక్ డేటాబేసుల్లో పోల్చండి. దగ్గరి బంధువుతో రెండు మూడు శాతం పైగా తేడా ఉంటే మీ వాదనకు బలం. అది ఒక్కటే ఆధారం కాకూడదు. వోల్‌బాకియా అనే బాక్టీరియా వల్ల ఈ జన్యువు ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. డబ్బు లేక డీఎన్‌ఏ చేయించలేకపోయినా మంచి స్లైడ్లు, మంచి పోలిక ఉంటే పేపరు నిలబడుతుంది.

పేరు

జంతువుల పేర్ల లెక్క 1758లో లిన్నేయస్ గ్రంథం పదో ముద్రణతో మొదలవుతుంది. చిన్న శలభాల పేర్ల చివర ఎల్లా ఎందుకు వస్తుందో కూడా అక్కడే దొరుకుతుంది. బట్టలు తినే శలభం వర్గానికి ఎల్లా, ఆకులు చుట్టేవాటికి ఆనా అని ఆయన ముగింపులు కేటాయించాడు. గులాబీ రంగు పురుగు పేరులోని గాసిపియెల్లా, నిమ్మ పురుగు పేరులోని సిట్రెల్లా అలా వచ్చినవే. అది ఆచారం, నియమం కాదు. ఊరి పేరు పెట్టాలంటే కొండపల్లియెన్సిస్ అనొచ్చు. ప్రజాతి పేరు నపుంసకలింగమైతే కొండపల్లియెన్సే అవుతుంది. మగవారి పేరైతే చివర ఐ, ఆడవారి పేరైతే ఏఈ అక్షరాలు. సొంత పేరు పెట్టుకోకండి, నిషేధం లేకపోయినా మర్యాద కాదు. కరపత్రాల్లో, సెమినార్ సారాంశాల్లో, వార్తాపత్రికల్లో ఆ పేరును ముందుగా వదలకండి.

పేపరు

జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళి నాలుగో ముద్రణ 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాన్ని పాటిస్తూ మీ పేపర్లో కనీసం ఇవి ఉండాలి: ఇది కొత్త జాతి అని స్పష్టంగా ప్రకటించాలి, మిగతావాటి నుంచి ఎలా వేరో మాటల్లో చెప్పాలి, ఒకే ఒక హోలోటైప్‌ను, అంటే ఆ పేరుకు శాశ్వత ఆధారమయ్యే నమూనాను, ఎంచుకోవాలి, అది ఏ సంస్థలో ఉంటుందో పేరుతో రాయాలి. హోలోటైప్‌గా, ఆ కుటుంబంలో మగవాటి జననాంగాలతోనే పోలిక ఎక్కువ జరిగితే, చక్కగా ఉన్న మగదాన్ని ఎంచుకోండి. మిగతావి పారాటైప్‌లు.

పేపర్లో నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం భేదాలు చెప్పే పేరా. రెండు పేజీల వర్ణన ఎవరైనా రాస్తారు. ‘దీనికి దగ్గరి జాతిలో వాల్వా చివర గుండ్రం, ఇందులో కత్తిరించినట్టు ఉంటుంది, కార్న్యూటై అందులో ఒకటి, ఇందులో రెండు’ అని రాయగలిగితే పాఠకుడికి పని జరుగుతుంది. రెక్కలకు, స్లైడ్‌కు ఫొటోలు ఫోకస్ మారుస్తూ పొరలు పొరలుగా తీసి కలపండి. ప్రతిదానిలో కొలత గీత వేయండి.

జూటాక్సా పత్రికలో పేజీల రుసుము తప్పనిసరి కాదు. జర్నల్ ఆఫ్ థ్రెటెన్డ్ టాక్సా కోయంబత్తూరు నుంచి వస్తుంది. వారంలో అచ్చువేస్తామని డబ్బు అడిగేవాళ్ల జోలికి పోకండి, అక్కడ మీ తప్పు పట్టుకునేవాడు ఉండడు. ఆన్‌లైన్లో మాత్రమే వచ్చే పత్రికైతే 2012 సవరణ ప్రకారం ముందుగా జూబ్యాంక్ అనే జంతు నామాల ఆన్‌లైన్ రిజిస్టరులో నమోదై, ఆ నమోదు ఆధారం పేపర్లోనే కనిపించాలి. నమోదు ఉచితం.

హోలోటైప్‌కు ఆనవాయితీగా ఎర్ర లేబుల్ వేస్తారు. పేపరు అచ్చుకు వెళ్లేలోపే దాన్ని సంస్థకు అప్పగించి, రిజిస్టరు నంబరు తెచ్చుకుని పేపర్లో చేర్చండి. కొరియర్ మీద నాకు నమ్మకం లేదు. చిన్న పెట్టెను దూది నింపిన పెద్ద పెట్టెలో పెట్టి, విజయవాడలో హౌరా రైలెక్కి, పై బెర్తులో తల దగ్గర పెట్టుకుని వెళ్లండి. న్యూ అలీపూర్‌లో జూలాజికల్ సర్వే కార్యాలయం. అక్కడి గుమాస్తా రిజిస్టరులో నంబరు వేసేటప్పుడు పిన్ను మీది లేబుల్‌ను, స్లైడ్ నంబరును పక్కన నిలబడి మరోసారి సరిచూసుకోండి.